సముద్రంలో సొర, పటం మీద చుక్క

సొరచేప అనగానే చాలామందికి 1975లో వచ్చిన ‘జాస్’ సినిమా గుర్తుకొస్తుంది. ఆ సినిమాలో జనాన్ని భయపెట్టింది అన్ని సొరలూ కాదు, ‘గ్రేట్ వైట్ షార్క్’ అనే ఒక్క జాతి. ఈ వ్యాసంలో దాన్ని తెల్లసొర అని పిలుచుకుందాం. పేరుకి తెల్లసొరే గాని ఆ తెలుపు పొట్ట వరకే, వీపంతా బూడిదరంగు. మగవాటికంటే ఆడవే పెద్దవి. బాగా పెరిగిన ఆడసొర 6 మీటర్ల దాకా వుంటుంది. అంటే ఇంచుమించు ఎడ్లతో సహా మన రెండెడ్ల బండి అంత పొడుగన్నమాట.

ఇంత పెద్ద జంతువును తీరం పొడుగునా వెంబడించి, అది ఏ వేళకి ఎక్కడుందో చెప్పడం సాధ్యమేనా? ఇది సరదాకి వేసుకున్న ప్రశ్న కాదు. అమెరికా తూర్పు తీరాన మసాచుసెట్స్ రాష్ట్రంలో, మోచేతి దగ్గర మడిచిన చేయిలాగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన ‘కేప్ కాడ్’ అనే ప్రాంతం వుంది. వేసవిలో అక్కడి బీచీలు జనంతో కిటకిటలాడతాయి. 2018 సెప్టెంబరు 15న వెల్‌ఫ్లీట్ అనే వూరి బీచిలో ఒక యువకుడు సొర కాటుకి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ రాష్ట్రంలో 1936 తర్వాత అటువంటి మరణం అదే మొదటిది. అప్పటికే తొమ్మిదేళ్ళుగా అదే తీరంలో సొరలకు ట్యాగులు కడుతున్నారు. మరి ట్యాగులుండి కూడా ముందుగా ఎందుకు తెలియలేదు?

దీనికి జవాబు కావాలంటే ముందు సొరలు అక్కడికి ఎందుకు వస్తున్నాయో చూడాలి. ఆ తీరంలో బూడిదరంగు సీల్ జంతువులు వుంటాయి. చేపల్ని తినేస్తున్నాయన్న కోపంతో ఒకప్పుడు వాటిని చంపినవాళ్ళకి ప్రభుత్వమే బహుమతి డబ్బులిచ్చేది. మసాచుసెట్స్‌లో ఆ పద్ధతి 1962 దాకా సాగింది. అప్పటికి సీల్స్ దాదాపు కనబడకుండా పోయాయి. 1972లో సముద్ర క్షీరదాల రక్షణకు అమెరికాలో చట్టం వచ్చింది. మెల్లమెల్లగా సీల్స్ తిరిగి వచ్చాయి. 1997లో అట్లాంటిక్ వైపు తెల్లసొరను పట్టడం కూడా నిషేధించారు. మేత తిరిగొచ్చింది, వేటా ఆగింది. ఇక సొరలు రాకుండా ఎలా వుంటాయి? చిత్తడి పెరిగితే కొంగలు రావడానికి ఎవరూ కబురు పెట్టనక్కర్లేదు.

2009 సెప్టెంబరులో గ్రెగ్ స్కోమల్ అనే ప్రభుత్వ మత్స్యశాస్త్రజ్ఞుడూ, ఆయన బృందమూ కేప్ కాడ్ దగ్గర ట్యాగులు కట్టడం మొదలుపెట్టారు. నిజానికి ‘కట్టడం’ అనే మాట ఇక్కడ సరిపోదు. పైన చిన్న విమానం తిరుగుతూ తెల్లటి ఇసుక మీద నల్లగా కదిలే నీడను చూసి పడవవాళ్ళకి చెబుతుంది. పడవ ముక్కున ముందుకి పొడుచుకొచ్చిన పలక మీద ఆయన పొడుగాటి కర్రతో నిలబడి వుంటాడు. సొర కిందికి రాగానే ఒక్క పోటుతో ట్యాగు మొనను వీపురెక్క మొదట్లో దిగేస్తాడు. సొరను పట్టడమూ లేదు, నీళ్ళలోంచి తియ్యడమూ లేదు. ఇప్పటికి అక్కడ 300కి పైగా సొరలకు ఇలా ట్యాగులు పడ్డాయి.

ఈ ట్యాగుల్లో ఎక్కువ భాగం ధ్వని ట్యాగులు. రేడియో తరంగాలు వుండగా ధ్వని ఎందుకూ అని మిత్రులకు సందేహం రావచ్చు. ఉప్పునీరు విద్యుత్ వాహకం గనక రేడియో తరంగాలను కొద్ది దూరంలోనే మింగేస్తుంది. ధ్వని అలాకాదు, సముద్రపు నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో పోతుంది. ట్యాగు నిమిషానికో రెండు నిమిషాలకో ఒకసారి తన నంబరును మన చెవికి అందని కీచుధ్వనిగా పంపిస్తుంది. సముద్రం అడుగునా, తేలే బోయాల కిందా అమర్చిన రిసీవర్లు దాన్ని విని, టైముతో సహా రాసుకుంటాయి. బ్యాటరీ పదేళ్ళ దాకా వస్తుంది.

బాగానే వుంది. కాని రిసీవరు వినగలిగేది కొన్ని వందల మీటర్ల మేరే. రెండు రిసీవర్ల మధ్య ఖాళీలోంచి సొర వెళ్ళిపోతే ఎక్కడా నమోదు కాదు. ఇంకో సంగతి: చాలా రిసీవర్లు విన్నదాన్ని తమలోనే దాచుకుంటాయి. పడవలో వెళ్ళి పైకి తీసి చూస్తేగాని సొర వచ్చిపోయిన సంగతి తెలియదు. అప్పటికి వారాలు గడిచిపోతాయి. పరిశోధనకి దానివల్ల లోటేమీ లేదు. స్నానానికి దిగిన మనిషికి మాత్రం దానితో ప్రయోజనం సున్న. అందుకే ఇప్పుడు కొన్ని బీచీల దగ్గర విన్న వెంటనే లైఫ్‌గార్డుల ఫోనుకి సమాచారం పంపే బోయాలు పెట్టారు. వాటికి ఖర్చెక్కువ, అందుచేత అన్నిచోట్లా లేవు.

రెండోరకం ఉపగ్రహ ట్యాగు. పటం మీద ప్రజలందరూ చూసే చుక్కలు ఎక్కువగా దీనివే. ‘ఓసెర్చ్’ అనే సంస్థ సొరను గాలానికి పట్టి, ఓడ పక్కనున్న పలక మీదికి తెచ్చి, నీళ్ళలోంచి పైకెత్తుతుంది. మొప్పల్లోకి గొట్టంతో నీళ్ళు పోస్తూ సుమారు పావుగంటలో రక్తం తీసి, కొలతలు తీసుకుని, వీపురెక్కకి రంధ్రాలు చేసి ట్యాగు బిగించి వదిలేస్తారు. సొరకి ఇంత శ్రమ పెట్టాలా అని శాస్త్రజ్ఞుల్లోనే వాదం వుంది. నాకైతే కర్రపోటు పద్ధతే మేలనిపిస్తుంది. అయినా రక్తపరీక్ష వల్ల తెలిసే సంగతులు, ముఖ్యంగా సొర చూలుతో వుందా లేదా అన్నది, కర్రపోటుతో తెలియవన్నది ఒప్పుకోవాలి.

ఈ ట్యాగులోని తమాషా చూడండి. ట్యాగు మీద రెండు లోహపు మొనలు వుంటాయి. నీటిలో వున్నంతసేపూ ఉప్పునీరే వాటిమధ్య తీగలాగా పనిచేసి సర్క్యూటును పూర్తిచేస్తుంది. రెక్క నీటిపైకి వచ్చిన క్షణంలో సర్క్యూటు తెగుతుంది, రేడియో మోగడం మొదలెడుతుంది. ఆకాశంలో కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే ‘ఆర్గోస్’ పరికరం దాన్ని అందుకుంటుంది. స్టేషనులో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ కూత దగ్గరికొచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినబడడం మనందరికీ అనుభవమే. ఫిజిక్సులో దాన్నే డాప్లర్ ఎఫెక్టు అంటాం. ఇక్కడ కూత వేసేది సొర, పరుగెత్తేది ఉపగ్రహం. ఫ్రీక్వెన్సీ ఎంత వేగంగా తగ్గిందో చూసి, ట్యాగు ఉపగ్రహపు దారికి ఎంత దూరాన వుందో లెక్క కడతారు.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటుంది. ఆర్గోస్ పద్ధతి 1978 నుంచి ఫ్రాన్సు, అమెరికా కలిసి నడుపుతున్నది. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. పైకి తీసుకెళ్ళిన ఇండో-ఫ్రెంచి ఉపగ్రహం ‘సరల్’ లోనూ, 2022 నవంబరు 26న అక్కడినుంచే వెళ్ళిన ఇ.ఓ.ఎస్.-06 లోనూ ఈ పరికరాలు పెట్టారు. పులికాట్ సరస్సు పక్కనుంచి ఎగిరిన పరికరానికి ఏ సముద్రంలోని ట్యాగు సంకేతమైనా అందగలదు.

అయితే లెక్క సరిగా రావాలంటే ఉపగ్రహం తలమీదుగా పోయే పది నిమిషాల్లో కనీసం నాలుగు సంకేతాలైనా అందాలి. అప్పుడు తప్పు ఎంత వుండొచ్చో కూడా చెప్పగలుగుతారు. మంచి కొలతలో అది 250 మీటర్ల లోపే. సొర రెక్క ఒక్క క్షణం తేల్చి మునిగిపోతే సంకేతం అందుతుంది గాని చోటు తెలియదు. సొర నీటిపైకి వచ్చింది, అంతే. ఎక్కడ అన్నది లేదు. వారాల తరబడి పైకి రాకపోతే అదీ లేదు. పెద్ద సొరలు అట్లాంటిక్ నడిమధ్యకి పోయి, వెయ్యి మీటర్లకు మించిన లోతుకు దిగుతాయని మూడోరకం ట్యాగు వల్ల తెలిసింది. అది వెలుతురు, లోతు, ఉష్ణోగ్రత రాసుకుని, చెప్పిన రోజుకి సొరనుంచి తనంతట తానే ఊడి తేలుతుంది. మధ్యాహ్నం ఎప్పుడైందో చూసి రేఖాంశం, పగలు ఎంతసేపుందో చూసి అక్షాంశం కడతారు. రేయింబవళ్ళు సమానమయ్యే రోజుల్లో పగటి పొడవు భూమ్మీద అంతటా ఒకటే కాబట్టి, అప్పుడు అక్షాంశం లెక్క తేలదు.

కాబట్టి పటం మీద చుక్కను ఎలా చదవాలి? ‘సొర ఇక్కడుంది’ అని కాదు. ‘ట్యాగు వున్న ఫలానా సొర, ఫలానా గంటకి, ఇంచుమించు ఈ చుట్టుపక్కల నీటిపైకి వచ్చింది’ అని చదవాలి. చుక్క లేనిచోట సొర లేదనుకోవడం ఇంకా ప్రమాదం. మా వైపు వేరుశనగ చేలమీద అడవిపందులు పడతాయి. మందలో ఒక పందికి గంట కట్టగలిగామే అనుకోండి. గంట మోగలేదు గదా అని రైతు మంచె దిగివచ్చి నిద్రపోతాడా? ట్యాగు లేని సొరలే ఎక్కువ. 2015 నుంచి 2018 దాకా నీటి అడుగున వీడియోలు తీసి, రెక్కల గాట్లనూ రంగు మచ్చలనూ బట్టి ఒక్కొక్క సొరను గుర్తుపట్టి లెక్కేస్తే, ఆ నాలుగేళ్ళలో కేప్ కాడ్‌కి సుమారు 800 సొరలు వచ్చివుంటాయని తేలింది. ఈ ఫలితం 2023లో వెలువడింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం 2021లో వచ్చిన ఇంకో చిన్న లెక్క. ఎనిమిది సొరల కదలికల్ని దగ్గరగా గమనిస్తే, అవి ఇంచుమించు 47 శాతం కాలం 4.5 మీటర్లకంటే తక్కువ లోతులోనే గడిపాయట! అంటే సీల్స్ తిరిగే చోటే, మనుషులు స్నానం చేసే చోటే. సొర అరుదుగా దారితప్పి ఒడ్డుకి వస్తుందనే పాత నమ్మకం ఆ తీరంలో చెల్లదు.

2018 మరణం తర్వాత సీల్స్‌నీ సొరల్నీ చంపించమని అడిగినవాళ్ళు లేకపోలేదు. బిడ్డను పోగొట్టుకున్న తీరంలో ఆ మాట రావడం సహజం. చేనుకాడ రాత్రంతా కూర్చున్నవాళ్ళకి ఆ కోపం తెలుసు. అయితే తెల్లసొర ఆడది పిల్లల్ని కనే ఈడుకి రావడానికే సుమారు 33 ఏళ్ళు పడుతుంది. ఒక్క ఏడాది కోపంగా చంపితే పూడ్చడానికి ఒక తరం కావాలి. అక్కడి వూళ్ళవాళ్ళు వేరేదారి పట్టారు. సొర బొమ్మ వున్న ఊదారంగు జెండా ఎగరేశారు, రక్తం ఆపే సామాన్ల పెట్టెలు బీచీల్లో పెట్టారు. సీల్స్ వున్నచోట దిగవద్దు, నడుం లోతు దాటవద్దు అని బోర్డులు రాశారు. ఇవి యంత్రాలకంటే చవక. చుక్కలు చెప్పని సంగతిని ఇవి చెబుతాయి.

చుక్కలు వృథా అని నా అభిప్రాయం కాదు. 2012 సెప్టెంబరులో కేప్ కాడ్ దగ్గర ‘మేరీ లీ’ అనే పేరుపెట్టి ఒక ఆడసొరను వదిలారు. పొడవు 16 అడుగులు, బరువు 1500 కిలోలకు పైనే. 2013 జనవరిలో అది ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ బీచి అలల దగ్గరికే వచ్చింది. ఎండాకాలం ఉత్తరాన, చలికాలం దక్షిణాన అని అంతవరకూ జాలర్ల మాటగా వున్నదానికి ఇలాంటి సొరలే గీత గీసి చూపించాయి. అంతకన్నా పెద్ద ప్రశ్న, అవి పిల్లల్ని ఎక్కడ పెడతాయన్నది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్ తీరంలో 2016లో పసి సొరలకు ట్యాగులు వేశారు. అవి పెరిగే మడుగు ఆ ప్రాంతమేనని తర్వాతి పరిశోధనలు బలపరిచాయి. మేరీ లీ చివరి సంకేతం 2017 జూన్ 17న వచ్చింది. అది న్యూజెర్సీ తీరాన, ఆ పసి సొరల చోటుకి అంత దూరమేమీ కాదు. ట్యాగు బ్యాటరీ ఆయుష్షు అయిదేళ్ళు. సొర ఆయుష్షు డెబ్బై ఏళ్ళు దాటగలదు.