పిల్లి – మన మీద దానికున్న హక్కు

హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం కోడలు కబ్షా నీళ్ళు పెట్టారు. అంతలో ఒక పిల్లి వచ్చింది. ఆయన దాన్ని తరమలేదు. అది తాగటానికి వీలుగా పాత్రను వంచారు. కోడలు ఆశ్చర్యంగా చూడగా, పిల్లి అపవిత్రం కాదనీ, అది మన మధ్య తిరుగాడే ప్రాణి అనీ దైవప్రవక్త (స) బోధించిన విషయం తెలిపారు (అబూ దావూద్, తిర్మిజీ).

ఇస్తాంబుల్‌లో దుకాణదారులు, ఇరుగుపొరుగువారు నేటికీ వీధిపిల్లులకు తిండీ నీళ్ళూ పెడతారు. 2020 జూలైలో అయా సోఫియా తిరిగి మసీదు అయినప్పుడు, ఏళ్ళుగా అందులో ఉంటున్న గ్లీ అనే పిల్లిని వెళ్ళగొట్టలేదు.

మరి మనం? మొగుళ్ళపల్లి వంటి మన ఊళ్ళలో పిల్లి ఎదురైతే అపశకునమని ఆగిపోయేవారున్నారు. శకునాలను నమ్మటాన్ని దైవప్రవక్త (స) వారించారు. పిల్లికూనలను సంచిలో కట్టి ఊరి బయట వదిలేసేవారూ ఉన్నారు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, స్వయంగా వెతుక్కుని తిననివ్వక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందని బుఖారీ, ముస్లిం హదీసులు హెచ్చరిస్తున్నాయి.

కనుక బంధిస్తే పోషించటం మన బాధ్యత. బంధించకపోతే దాని దారికి అడ్డుపడకూడదు. దస్తర్‌ఖాన్ ఎత్తేటప్పుడు గోడవారగా పెట్టే నాలుగు మెతుకులు, గిన్నెడు నీళ్ళు కూడా పుణ్యమే. అల్లాహ్ మన హృదయాలలో కరుణను నింపుగాక! ఆమీన్.