మోటారు పెంచితే గంజి కదలదు
సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: పడుగుకు గంజి పట్టించే సైజింగ్ యూనిట్ మాది. వండిన గంజిని నీళ్ల పంపుతోనే తోడుతున్నాం. వేడి మీద బాగానే వస్తుంది. కరెంటు పోయి కొంచెం చల్లారితే చాలు, ధార సన్నబడి మోటారు ట్రిప్ అవుతోంది. 3 హెచ్‌పీ తీసి 5 వేయమంటారా?
- ఒక యజమాని, సిరిసిల్ల

జవాబు: వద్దు. ఆ డబ్బు పంపు మీద పెట్టండి. మీది సెంట్రిఫ్యూగల్ పంపు. ఇంపెల్లర్ గిర్రున తిరిగి ద్రవాన్ని బయటికి విసురుతుంది. నీళ్లకు దానికి మించింది లేదు. లక్ష్మీపూర్ గాయత్రి పంప్‌హౌస్‌లో 139 మెగావాట్ల మోటార్లు మధ్యమానేరు కోసం నీళ్లెత్తేదీ ఈ పద్ధతిలోనే. గంజి చిక్కబడితే మాత్రం ఇంపెల్లర్‌కు రెండు పక్కలా రాపిడి పెరిగి, కరెంటు అక్కడే ఖర్చవుతుంది. ధార, ఎత్తు రెండూ పడిపోతాయి. కంపెనీ ఇచ్చే పంపు చార్టు నీళ్లతో పరీక్షించి గీసింది, గంజికి చెల్లదు.

మీకు కావలసింది లోబ్ పంపు, లేదా మోనో పంపు అనే స్క్రూ పంపు. ఇవి ప్రతి చుట్టుకూ కొంత ద్రవాన్ని పట్టి ముందుకు నెడతాయి. చిక్కటిది సందుల్లోంచి వెనక్కి జారదు కాబట్టి చిక్కదనం వీటికి కొంత మేలే. నెమ్మదిగా తిప్పాలి. డెలివరీ వాల్వు మూసి ఉన్నా ఇవి నెడుతూనే ఉంటాయి, అందుకే రిలీఫ్ వాల్వు తప్పనిసరి. మోనో పంపు లోపలి రబ్బరు 90 డిగ్రీల గంజిని తట్టుకుంటుందా అని గట్టిగా అడగండి. ఖాళీగా తిప్పితే ఆ రబ్బరు కాలిపోతుంది.

పైపును తేలిగ్గా తీసుకోకండి. చిక్కటి ద్రవం మెల్లగా పారేటప్పుడు పైపు వ్యాసం సగమైతే, అదే ధారకు ఒత్తిడి నష్టం 16 రెట్లవుతుంది. గంజికి ఈ లెక్క కాస్త అటూఇటూ అయినా, సక్షన్ పైపు లావుగా, పొట్టిగా ఉండాల్సిందే. పంపు తొట్టి మట్టానికి కిందుండాలి. పని ఆపగానే లైను వేడినీళ్లతో కడగండి.

షాపులో హెచ్‌పీతో మాట మొదలుపెట్టకండి. గంటకు ఎన్ని లీటర్లు, ఎంత వేడి, బాగా చల్లారినప్పుడు చిక్కదనమెంత అన్నవి ముందు చెప్పండి.

ప్రశ్న: చలికి నీళ్లు చిక్కబడి బోరు తక్కువ పోస్తుందంటున్నారు, నిజమేనా?
- ఒక రైతు, వేములవాడ

జవాబు: కాదు. 20 డిగ్రీల నీటి చిక్కదనం 1 సెంటీపాయిజ్, 30 డిగ్రీలకు 0.8. ఆ తేడా మీ పంపుకు తెలియదు. పైగా భూగర్భంలో నీటి వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. యాసంగి నాట్లకు అందరి మోటార్లూ ఒకేసారి నడుస్తాయి కాబట్టి ముందు వోల్టేజీ, నీటిమట్టం చూడండి. రెండూ బాగుంటే ఇసుకకు ఇంపెల్లర్లు అరిగాయేమో విప్పి చూపించండి.