తడికల పందెం

గొర్రెల మందను రాత్రిపూట తడికల మధ్య ఉంచడం మీరు చూసే ఉంటారు. చురుకైన గొర్రె ఒక్కొక్కప్పుడు ఆ తడికను చెంగున దాటి పోతుంది. గుర్రాలచేత అటువంటి తడికలను దాటించే పందెం ఒకటి ఐర్లండు దేశంలో ఏటా జరుగుతుంది. దాని కథ తెలుసుకుందాం.

ఐర్లండు పచ్చిక బయళ్ల దేశం. అక్కడి పొలాల మధ్య రాతిగోడలు, కంచెలు, కాలువలు ఉంటాయి. 1752లో కార్క్ ప్రాంతానికి చెందిన ఎడ్మండ్ బ్లేక్, కార్నీలియస్ ఓకలహన్ అనే ఇద్దరు పందెం వేసుకున్నారని చెబుతారు. బటివెంట్ ఊరి చర్చి నుండి డోనరేల్ ఊరి చర్చి దాకా, సుమారు నాలుగున్నర మైళ్లు, అడ్డువచ్చిన వాటినన్నిటినీ దాటుతూ గుర్రాలపై పోవాలి. దూరాన కనిపించే చర్చి శిఖరమే వారికి గుర్తు. శిఖరాన్ని ఇంగ్లీషులో స్టీపుల్ అంటారు. అందుకే ఇటువంటి పందేనికి స్టీపుల్‌చేజ్ అనే పేరు వచ్చింది.

కాలక్రమాన ఈ పందేలు పొలాల నుండి మైదానాలకు వచ్చాయి. పెద్ద కంచెలకు బదులు తేలికైన తడికలను నిలిపే పందెం కూడా ఏర్పడింది. తడికను ఇంగ్లీషులో హర్డిల్ అంటారు. కర్ర చట్రంలో రెమ్మలు కూర్చి, సుమారు మూడున్నర అడుగుల ఎత్తున, గుర్రం పరుగెత్తే దిక్కుకు కొంచెం వాల్చి దానిని పాతుతారు. కాలు తగిలితే అది అటే వంగుతుంది. అయినా ప్రమాదం లేకపోలేదు. అడుగు తప్పితే గుర్రానికీ రౌతుకూ గాయాలవుతాయి. ఒక్కొక్కసారి ప్రాణమే పోతుంది.

డబ్లిన్ నగరానికి దక్షిణాన ఉన్న లెపర్డ్స్‌టౌన్ మైదానంలో 1888 నుండి పందేలు జరుగుతున్నాయి. ఐరిష్ ఛాంపియన్ హర్డిల్ అనే పందెం 1950లో మొదలైంది. దూరం సుమారు రెండు మైళ్లు. పూర్వం జనవరిలో జరిగేది. 2018 నుండి ఫిబ్రవరి మొదట్లో జరుగుతున్నది.

ఈ పందెంలో పేరుపొందిన గుర్రం ఇస్తాబ్రాక్. మన హైదరాబాదు మలక్‌పేటలో వలె, అది మొదట చదును నేల పందేలలో పరుగెత్తింది. అక్కడ గొప్పగా రాణించలేదు. కాని జాన్ డర్కన్ అనే యువకుడు దానిలోని సత్తాను గుర్తించి, తడికల పందేలకు తానే తయారుచేయాలనుకున్నాడు. ఇంతలో అతనికి రక్తక్యాన్సర్ వచ్చింది. గుర్రాన్ని ఏడన్ ఓబ్రయన్ అనే శిక్షకుడికి అప్పగించారు. 1998 జనవరిలో డర్కన్ మరణించాడు. ఆ ఏడు మొదలు 2001 వరకు, వరుసగా నాలుగుసార్లు, ఇస్తాబ్రాక్ ఈ పందెం గెలిచింది. డర్కన్ అంచనా తప్పు కాలేదు.

తరువాత హరికేన్ ఫ్లై 2011 నుండి 2015 వరకు ఐదుసార్లు గెలిచి ఆ లెక్కను మించింది. 2020, 2021, 2022 సంవత్సరాలలో హనీసకిల్ అనే ఆడ గుర్రం గెలిచింది. దానిని నడిపిన రౌతు రేచెల్ బ్లాక్‌మోర్ అనే మహిళ.

చూశారా! ఒక పనిలో వెనుకబడిన గుర్రం మరొక పనిలో మేటి కావచ్చు. అయితే దానిని గుర్తించే కన్ను ఒకటి కావాలి. మీ తరగతిలోనూ అటువంటివారు ఉండవచ్చు. ఒకసారి పరికించి చూడండి.

ప్రశ్నలు
1. స్టీపుల్‌చేజ్ అనే పేరు ఎలా వచ్చింది?
2. తడికను వాల్చి పాతడం ఎందుకు?
3. డర్కన్ అంచనా నిజమైందని ఎలా చెప్పగలరు?