త్వరలో రాబోయే ఛానల్‌కు డిపాజిట్ కడుతున్నారా?

‘త్వరలో ప్రారంభం కానున్న భక్తి ఛానల్‌కు జిల్లా ఫ్రాంచైజీలు కావలెను. రిపోర్టర్లకూ అవకాశం. డిపాజిట్ తప్పనిసరి.’ ఇలాంటి ప్రకటన చూడగానే చాలామంది అడిగేది, ఛానల్ ఎప్పుడు వస్తుందని. అసలు అడగాల్సింది, రసీదు ఏ కంపెనీ పేరు మీద ఇస్తారని. ఛానల్ పేరు మీద కేసు వేయలేం, కంపెనీ మీదే వేయాలి.

కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం లెటర్‌హెడ్ మీద, బిల్లు మీద కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, సీఐఎన్ ఉండి తీరాలి. సీఐఎన్ అంటే అక్షరాలు, అంకెలు కలిపి 21 ఉండే గుర్తింపు సంఖ్య. అందులో రాష్ట్రాన్ని తెలిపే రెండక్షరాల పక్కన ఉండే నాలుగంకెలు కంపెనీ రిజిస్టరైన సంవత్సరం. బ్రోచర్‌లో ‘పాతికేళ్ల అనుభవం’ అని రాసి, ఇక్కడ 2024 కనిపిస్తే ఆ అనుభవం ఎవరిదో అడగండి.

ఆ నంబరుతో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చూస్తే డైరెక్టర్ల పేర్లు, చెల్లించిన మూలధనం, చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ ఉచితంగానే తెలుస్తాయి. వంద రూపాయలు కడితే బ్యాలెన్స్ షీటే చూడొచ్చు. ఈ వంద దగ్గర పీనాసితనం వద్దు. ఎందుకంటే 2022 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం శాటిలైట్ ఛానల్ పెట్టాలంటే వార్తేతర ఛానల్‌కు 5 కోట్లు, వార్తా ఛానల్‌కు 20 కోట్ల నికర విలువ కంపెనీకి ఉండాలి. మూలధనం లక్ష రూపాయలే అయినంత మాత్రాన మోసమని తేల్చేయలేం, నికర విలువ వేరే లెక్క. అది తేలేది బ్యాలెన్స్ షీట్‌లోనే.

కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం, జీఎస్టీ నంబరు, లోగోకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు చూపించి ‘అన్ని అనుమతులూ వచ్చాయి’ అంటారు. ఇవేవీ ప్రసార అనుమతులు కావు. ప్రసార అనుమతి ఇచ్చేది కేంద్ర సమాచార, ప్రసార శాఖ. అనుమతి పొందిన ఛానళ్ల జాబితాను, ఏ కంపెనీకి ఇచ్చారో సహా, ఆ శాఖే ప్రకటిస్తుంది. ఆ పేరు, మీ రసీదు మీది పేరు ఒకటేనా చూడండి. సందేహముంటే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. యూట్యూబ్ ఛానల్‌కు ఈ అనుమతి అక్కర్లేదు, కాబట్టి శాటిలైట్టా, యూట్యూబా అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

షేర్లిస్తామంటే మరింత జాగ్రత్త. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ప్రకటనలిచ్చి ప్రజలకు షేర్లు అమ్మకూడదు.

ఇప్పటికే మోసపోయి ఉంటే భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఫిర్యాదు చేయొచ్చు. నేరం రుజువైతే ఏడేళ్ల వరకు జైలు. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి. ఇంకా కట్టనివాళ్లు మాత్రం నగదు ఇవ్వొద్దు, డైరెక్టర్ సొంత ఖాతాకూ పంపొద్దు. కంపెనీ బ్యాంకు ఖాతాకే పంపి, సీఐఎన్ ఉన్న రసీదు తీసుకోండి.