యంత్ర పఠనము – మానవ పరిశీలన

తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాసిన లేఖకులును, ఉర్దూ పుస్తకములను చక్కని దస్తూరితో సిద్ధపరచిన కాతిబులును పొరపాట్లు చేసినవారే. అందుచేతనే పరిష్కర్తలు ప్రతిని ప్రతితో సరిచూచి పాఠమును నిర్ణయించిరి. నేడు లేఖకుని స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. ధ్రువపత్రమును స్కానరుపై ఉంచినంతనే పేరు, పుట్టిన తేదీ, మార్కులు వాటి వాటి గళ్ళలో నిండుచున్నవి. మరి పరిష్కర్త యెవరు?

యంత్రము అర్థమును గ్రహించి చదువదు. ఆకారమును బట్టి ఊహించును. 'థ'కారము నడిమి చుక్క చెరిగినచో అది 'ధ'కారమగును. ఉర్దూలో జీమ్, చే, హే, ఖే అను నాలుగక్షరముల రూపమొక్కటే. భేదమంతయు చుక్కలలోనే కలదు. యంత్రము ప్రతి ఊహకును తన నమ్మకమును తెలుపు ఒక అంకెను జోడించును. ఆ అంకె తక్కువైన వానిని మనుష్యుని పరిశీలనకు పంపుట వాడుక. కాని నమ్మకము వేరు, సత్యము వేరు. గట్టి నమ్మకముతో తప్పు చదువుటయు కలదు.

కావున మొదట లెక్కతో పరీక్షింపవలెను. పాస్‌పోర్టు పుట క్రింది భాగమున యంత్రము చదువుటకై రెండు పంక్తులుండును. అందు పుట్టిన తేదీ ఆరంకెలలో ఉండి, దాని ప్రక్కన ఒక తనిఖీ అంకె యుండును. 1985 జూన్ 14 అనగా 850614. ఈ అంకెలను వరుసగా 7, 3, 1, 7, 3, 1 చేత గుణించి కూడినచో 120 వచ్చును. దానిని 10 చేత భాగింపగా శేషము 0. అదియే తనిఖీ అంకె. యంత్రము 6ను 8గా చదివినచో మొత్తము 134, శేషము 4 అగును. తప్పు వెంటనే బయటపడును.

అయితే సవరించువాడు చేతితో టైపు చేయునపుడు 6, 1 తారుమారై 850164 అయినదనుకొందము. మొత్తము 100, శేషము మరల 0! లెక్క మోసపోయినది. ఇచ్చట పంచాంగ జ్ఞానము అక్కరకు వచ్చును. జనవరి నెలకు 64వ తేదీ లేదు గదా! ఒక పరీక్ష విడిచిన దోషమును మరియొక పరీక్ష పట్టుకొనును.

పేరునకు మాత్రము ఇట్టి లెక్క లేదు. దానిని కన్ను మూలపత్రముతోనే పోల్చవలెను. మూలపత్రమనగా కాగితమే కాని, దాని బొమ్మ కాదు. 2013లో జర్మనీ దేశస్థుడగు డేవిడ్ క్రీసెల్ ఒక భవన పటమును జిరాక్స్ యంత్రముపై స్కాను చేయగా, వేర్వేరు వైశాల్యములు గల మూడు గదులకును 14.13 చదరపు మీటర్లని వచ్చినది. బొమ్మను కుదించు పద్ధతి ఒకే తీరుగా తోచిన భాగములను ఒకదాని స్థానమున మరియొకదానిని ఉంచుటయే కారణము. అంకెలు మసకబారలేదు, స్పష్టముగా తప్పైనవి.

పరిశీలకుడు పాటింపవలసిన నియమములు మూడు. యంత్రము చెప్పినదానిని చూడకముందే పత్రమును తాను చదువవలెను. ముందే చూచినచో కన్ను దానినే సమర్థించును. యంత్రము సరియన్న వానిలో కూడ కొన్నింటిని ఏరి చూడవలెను. యంత్ర పాఠమును చెరిపివేయక, సవరణను, సవరించినవాని పేరును, తేదీని దానితోపాటు భద్రపరచవలెను.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు రేపు ఇట్టి గళ్ళ యెదుట కూర్చుందురు. ధ్రువపత్రములో ఒక పేరు, దరఖాస్తులో మరియొక పేరు ఉన్నచో ఒక పేద విద్యార్థి ఉపకారవేతనము నిలిచిపోవచ్చును. యంత్రమునకు అది ఒక చుక్క. ఆ విద్యార్థికి ఒక సంవత్సరపు చదువు. ఆ చుక్కను చూడగల కన్ను మీదే కావలెను.