లిస్ప్ మధ్యలో ఆగిపోతే?

రాయగడ, గుణుపురం, జయపురం తెలుగిళ్లలో ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్, డిప్లొమా చదువుతున్న పిల్లల కళ్లన్నీ నాలుగు గేట్ల మీదే: సునాబెడ హెచ్‌ఏఎల్, దామన్‌జోడి నాల్కో, జేకేపూర్ పేపరు మిల్లు, తేరుబలి ఫెర్రో అల్లాయ్స్. 2025 జనవరిలో రాయగడ రైల్వే డివిజన్ భవనానికి శంకుస్థాపన జరిగాక ఆశలు ఇంకాస్త పెరిగాయి. నోటిఫికేషన్ల కోసం చూడండి, తప్పులేదు. అయితే కాంట్రాక్టర్ల డ్రాయింగ్ ఆఫీసులనూ వదలొద్దు. అక్కడ అడిగేది ఆటోక్యాడ్.

గీతలు గీయడం అందరికీ వచ్చు. కమాండ్లను గుదిగుచ్చి ఆటోక్యాడ్ సొంత ప్రోగ్రామింగ్ భాష ఆటోలిస్ప్‌లో చిన్న మ్యాక్రో రాయగలిగేవాళ్లు తక్కువ. ఆ మ్యాక్రో మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో ఆలోచించేవాళ్లు మరీ తక్కువ. ఇంటర్వ్యూలో మీరు చూపించాల్సింది సరిగ్గా అదే.

ఒక ఉదాహరణ. మ్యాక్రో పెట్టే బిందువులను స్నాప్ పక్కకు లాగకుండా మొదట్లో దాని సెట్టింగ్ అయిన ఓఎస్‌మోడ్‌ను సున్నా చేస్తాం, చివర్లో పాత విలువ పెట్టేస్తాం. ఈలోగా ఎవరో ఎస్కేప్ నొక్కారు. చివరి లైను దాకా పని రాలేదు. స్నాప్ ఆగిపోయిందని తెలియక అతను గీస్తూనే పోతాడు. గీతల కొసలు కలిసినట్టే కనిపిస్తాయి, కలవవు. ఎర్రర్ మెసేజ్ కంటే ఈ మౌనమే ప్రమాదం.

అందుకే పాత విలువను ముందే దాచుకోండి. మ్యాక్రో ఆగిపోతే దాన్ని తిరిగి పెట్టే సొంత ఎర్రర్ ఫంక్షన్‌ను మ్యాక్రోలోనే రాసి, ఆ ఫంక్షన్‌ను లోకల్ వేరియబుల్‌గా ప్రకటించండి. లేదంటే మీ ఫంక్షన్ పక్కవాడి మ్యాక్రోలోనూ దూరుతుంది. పనంతటినీ అన్‌డూ బిగిన్, ఎండ్‌ల మధ్య పెట్టి, ఆ ఎండ్‌ను ఎర్రర్ ఫంక్షన్‌లోనూ రాయండి. అప్పుడు ఒక్క యూ కమాండ్‌తో మొత్తం వెనక్కి పోతుంది. ఎంట్‌సెల్‌తో వస్తువును ఎంచుకోమన్నప్పుడు ఖాళీ చోట క్లిక్ చేస్తే నిల్ వస్తుంది. ముందే తనిఖీ చేయకపోతే తర్వాతి ఫంక్షన్ అక్కడే కూలబడుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే పాత కోడ్‌తో ఇంకో చిక్కుంది: ఆటోక్యాడ్ 2015 నుంచి ఎర్రర్ ఫంక్షన్‌లో మామూలు కమాండ్ పిలుపు నేరుగా చెల్లదు, కమాండ్-ఎస్ వాడాలి.

నేర్చుకోవడానికి డబ్బు పోయనక్కర్లేదు. విద్యార్థులకు ఆటోడెస్క్ ఉచిత లైసెన్సు ఇస్తుంది. పైగా చిన్న ఆఫీసులకు అందుబాటు ధరలో ఉండే ఆటోక్యాడ్ ఎల్‌టీలో ఒకప్పుడు లిస్ప్ నడిచేది కాదు. 2024 వెర్షన్ నుంచి నడుస్తోంది.