చెరువులో పుట్టి ప్రయాణము: పంచాయతీ కర్తవ్యము

గోరంట్ల ప్రాంతమునకు సముద్రము మిక్కిలి దూరము. అయినను చిన్న పడవపై కుటుంబమంతయు చేపలవేటకు వెడలుట ఇచ్చటివారు ఎరుగని పని కాదు. గోరంట్ల చిత్రావతి ఒడ్డున నున్నది. ఆ నదికి దిగువన బుక్కపట్టణము చెరువు కలదు. ఇవిగాక ఊరూర చిన్న చెరువులును, కుంటలును ఉన్నవి. చెరువు నిండిన సంవత్సరమున బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను వదలుదురు. అవి పెరిగిన పిదప పుట్టి నీటిలోనికి దిగును. భర్త వల వేయుచుండగా భార్య తెడ్డు పట్టును. పెద్దపిల్లవాడు అడుగున చేరిన నీటిని తోడిపోయును. ఇది జీవనోపాధి. దీనిని ఆపవలెనని ఎవ్వరును కోరరు. దీనిని క్షేమకరముగా జరిపించుట ఎట్లు అనునదే పంచాయతీ సభ్యులు ఆలోచింపవలసిన విషయము.

కరవుసీమలో నీటిభయము

వర్షము తక్కువగా కురియు సీమలో మునుగుడు భయమేమని కొందరు అడుగవచ్చును. అనంతపురం ప్రాంతమున సాలీనా వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆపదకు మూలము అందులోనే యున్నది. చెరువు ఏండ్ల తరబడి ఎండియుండుటచే పిల్లలకు ఈత నేర్చు అవకాశము లేదు. ఎండిన చెరువులో సర్కారు తుమ్మ దట్టముగా పెరుగును. ఇటుకలకును, పొలములకును మట్టి త్రవ్వుటచే లోతైన గుంతలు ఏర్పడును. పిమ్మట ఒక మంచి వానకో, కాలువ నీటికో చెరువు నిండును. హంద్రీనీవా పథకము ద్వారా కృష్ణా జలములు 2016లో పెనుకొండ వద్ద గల గొల్లపల్లి జలాశయమునకు చేరిన సంగతి మనకు తెలిసినదే. నీరు వచ్చుట ఆనందమే. కాని తుమ్మమొదళ్లును, గుంతలును ఆ నీటి క్రింద కనబడకుండును. నిన్న నడచిన నేలయే కదా యని దిగినవాడు నిలువులోతున పడును.

2017 ఏప్రిల్ 28వ తేదీన, నాటి అనంతపురం జిల్లాలోనే, గుంతకల్లు మండలము వై.టి. చెరువు గ్రామమున జరిగిన దుర్ఘటన మరువరానిది. బంధువులు కూడిన సమయమున పిల్లలు, పెద్దలు వేడుకగా పడవనెక్కిరి. పడవ మునిగి 10 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో పిల్లలే అనేకులు. వారు ఏ దూరదేశమునకును పయనము కాలేదు. ఊరి చెరువులో ఒక చుట్టు తిరిగి రాదలచిరి, అంతియే.

పుట్టి ఎట్లు మునుగును?

సర్వము నష్టమైనపుడు ‘పుట్టి మునిగినది’ అందుము. నిజమైన పుట్టి ఎట్లు మునుగునో తెలిసికొందము. పుట్టి గుండ్రనిది, అడుగు చదునైనది. బరువు నడుమనుండి, మనుష్యులు కూర్చుండియున్నంతవరకు అది నిలకడగా నుండును. ఒకడు లేచి నిలిచినచో బరువు పైకి జరుగును. చేప పడినదని అందరును ఒక ప్రక్కకు వంగినచో ఆ అంచు నీటికి తగులును. ఒక్కసారి లోనికి వచ్చిన నీరు పల్లమైన ప్రక్కకే పరుగిడి ఆ ప్రక్కను మరింత వంచును. అటుపై సర్దుకొనుటకు వ్యవధి ఉండదు. వల తుమ్మమొద్దుకు తగులుకొన్నపుడు దానిని బలముగా లాగుటయు ఇట్టి ప్రమాదమునే తెచ్చును. వేసవి సాయంకాలములందు వానకు ముందు వీచు గాలి విశాలమైన చెరువులో అలలు లేపును. మరువ పారుచున్నపుడు దాని దాపునకు పోయిన పుట్టిని నీటివడి ఈడ్చుకొని పోవును.

ఒక గీత చాలును

ఆంగ్లదేశమున లాభాపేక్షచే ఓడలకు మితిమీరిన సరకు నింపుటవలన నావికులు అనేకులు మరణించుచుండిరి. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుని పట్టుదలవలన 1876లో ఓడ ప్రక్కన బరువు హద్దును తెలుపు గీత ఉండవలెనని చట్టము చేయబడినది. ఆ ఉపాయము మన పుట్టికిని పనికివచ్చును. నిండు బరువుతో నున్నపుడు పుట్టి అంచు నీటిపై కనీసము జానెడు నిలువవలెను. ఆ హద్దున రంగుతో గీత గీయవలెను. గీత మునిగినచో ఒకరు దిగవలెను. ఇందుకు చదువు అక్కరలేదు. పిల్లవాడు సైతము చూచి చెప్పగలడు.

మన దేశమున 1917 నాటి పాత చట్టమునకు బదులుగా 2021లో దేశాంతర్గత నౌకల చట్టము వచ్చినది. యంత్రము లేని పడవలను సైతము స్థానికముగా నమోదు చేయు ఏర్పాటును ఆ చట్టము ఉద్దేశించినది. కావున గ్రామమందలి పుట్టుల లెక్క వ్రాసికొనుట పంచాయతీకి తగిన పనియే.

పంచాయతీ చేయదగినవి

చెరువు ఎవరి ఆధీనమందున్నను, నీట పడువారు మన గ్రామస్థులే. గ్రామసభలో మత్స్యకారులను ముందుగా సంప్రదించి ఈ క్రింది విషయములను తీర్మానింపవచ్చును.

1. గ్రామమందలి ప్రతి పుట్టికిని, తెప్పకును సంఖ్య వేసి, గీతయు, ఎక్కదగినవారి లెక్కయు వ్రాయించుట.

2. ఎక్కువారందరికి తేలుడు చొక్కాలు ఏర్పాటు చేయుట. అవి లభించువరకు మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలను త్రాటితో కట్టి పుట్టిలో నుంచుట.

3. పండుగలకు, పెండ్లిండ్లకు వచ్చిన చుట్టములను వేటపుట్టిలో షికారు త్రిప్పకుండునట్లు కట్టడి చేయుట.

4. చెరువు ఎండియున్నపుడే తుమ్మమొదళ్లు పెకలించి, గుంతలున్న తావులను గుర్తించుట; నీరు నిండిన పిదప అచ్చట గెడలు పాతించుట.

5. కట్టపై పొడవైన త్రాడును, గాలి నింపిన ట్యూబును సిద్ధముగా నుంచుట.

6. బడిపిల్లలకు పెద్దల పర్యవేక్షణలో ఈత నేర్పించుట.

ఆపద కలిగినపుడు

పడవ తిరుగబడినచో దానినే పట్టుకొని యుండవలెను. ఒడ్డు దగ్గరగా కనబడినను బట్టలతో ఈదుట కష్టము. ఒడ్డుననున్నవారు తొందరపడి దుముకరాదు. త్రాడో, గెడయో, చీరయో అందింపవలెను. ఒకరిని కాపాడబోయి మరియొకరు పోవుట ఇట్టి ఘటనలలో తరచుగా జరుగును.

బయటికి తీసినవానిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, కడుపు నొక్కుట తగదు. వెల్లకిల పరుండబెట్టి శ్వాస చూడవలెను. శ్వాస లేనిచో నోటిలో నోరుంచి ఊపిరి ఊదవలెను. పిదప రొమ్ము నడుమ 30 మారులు గట్టిగా నొక్కి, 2 మారులు ఊదుచు, వైద్యసహాయము వచ్చువరకు మానక చేయవలెను. వెంటనే 108కి ఫోను చేయించవలెను. ఈ పద్ధతిని ఆరోగ్య సిబ్బందిచే గ్రామ యువకులకు ముందుగానే నేర్పించుట మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. ఐక్యరాజ్యసమితి ఆ సంవత్సరమే జూలై 25ను ఇట్టి మరణముల నివారణ దినముగా ప్రకటించినది. మన చెరువులకు నీరు వచ్చు కాలమును అదే. ఆనాడు కట్టవద్ద సమావేశమై పుట్టులను పరీక్షించి గీతలు గీయించుడని సభ్యులకు మనవి చేయుచున్నాము. ఒక డబ్బా రంగు, ఒక త్రాడు, ఒక తీర్మానము: ఇవి ఏ పంచాయతీకిని భారము కావు. చెరువు నిండిన ఏడు ఊరికి పండుగ. ఆ పండుగ ఏ యింటను దుఃఖముగా మారకుండ చూచుట మనందరి విధి.